తాగే నీళ్లు, పారే నీళ్లు: భూపాలపల్లి భూగర్భ జలాల పరీక్ష

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నేల కింది నీరు ప్రధానంగా రెండు రకాల రాళ్లలో నిలుస్తుంది. పడమటి మండలాల వైపు రెండు వందల కోట్ల ఏళ్లు దాటిన గ్రానైటు, నైస్ రాళ్లు ఉన్నాయి. గోదావరి వైపు పోయేకొద్దీ గోండ్వానా ఇసుకరాళ్లు, వాటి పొరల మధ్య బొగ్గు కనిపిస్తాయి. ఈ రెంటి నడుమ పాకాల, సుల్లవాయి శ్రేణుల పాత అవక్షేప శిలలు పట్టీలా సాగుతాయి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు భూపాలపల్లితో పాటే ఏర్పడిన జనగామ దాదాపు పూర్తిగా గ్రానైటు నేల. మహబూబాబాద్‌లోనూ చాలా భాగం అంతే. బోరు నీటి రుచి, గుణం, దోషం అన్నీ ముందుగా ఈ రాతిని బట్టే ఉంటాయి. ఆ తర్వాతే ఎరువు, పశువుల కొట్టం, గని, మరుగుదొడ్డి గుంత వచ్చి చేరతాయి.

ఈ ప్రాంతానికి సముద్రం చాలా దూరంలో ఉంది. అయినా "మా బోరు ఉప్పు నీళ్లు" అనే మాట మూడు జిల్లాల్లోనూ వినిపిస్తుంది. తీరంలో ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, ఇక్కడి ఉప్పు దానికి ఎంత భిన్నమో తేలిగ్గా అర్థమవుతుంది.

తీరంలో మంచినీరు సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పు నీటి సాంద్రత 1.025, మంచినీటిది 1. ఈ చిన్న తేడా వల్ల భూగర్భ జలమట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాడన్ గైబెన్, హెర్జ్‌బెర్గ్ ఎవరికి వారు తేల్చిన లెక్క ఇది. దీన్ని తిప్పి చదివితే భయం కలుగుతుంది. బోర్లు తోడి తోడి జలమట్టాన్ని అర మీటరు దించితే, అడుగున ఉప్పు నీరు 20 మీటర్లు పైకి లేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35,000 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి, అందులో క్లోరైడే 19,000. వంద లీటర్ల మంచినీటిలో రెండు లీటర్ల సముద్రపు నీరు కలిస్తే చాలు, క్లోరైడు తాగునీటి హద్దును దాటిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు సముద్రం ముంచి ఉన్న చోట్ల, అది వెనక్కి పోయాక కూడా బంకమట్టి పొరల్లో చిక్కుకున్న ఉప్పు అలాగే మిగిలింది. అక్కడ లోతుకు పోయేకొద్దీ మంచినీరు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

అందుకే బాపట్ల, చీరాల ఇసుక నేలల రైతులు లోతుకు పోకుండా దొరువు తవ్వుకుంటారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పు నీటి మీద పలుచగా నిలిచిన మంచినీటిని పైపైన తోడుకోవడమే దొరువు పని. బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రం దీనికే మెరుగులు దిద్ది, ఇసుకలో అడ్డంగా పరిచిన గొట్టాల గుండా నీరు మెల్లగా ఊరి బావిలోకి చేరే ఏర్పాటు రూపొందించింది. భూపాలపల్లి అడవి పల్లెల్లో వాగు ఇసుకలో చేత్తో తోడుకునే చెలిమెకు ఇది దగ్గరి చుట్టం. రెండు చోట్లా ఇసుకే వడపోస్తుంది, రెండు చోట్లా నీరు తక్కువ లోతులో, తక్కువ కాలం నిల్వ ఉన్నది. నీరు రాతిని ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటే అంత ఖనిజాన్ని కరిగించుకుంటుంది కాబట్టి చెలిమె నీరు తియ్యగా ఉండటంలో వింత లేదు. అయితే తియ్యగా ఉన్నంత మాత్రాన అది సురక్షితమని కాదు. పై నీటిలోని సూక్ష్మజీవులను చేతితో తవ్విన చెలిమె ఆపలేదు.

గ్రానైటు నేలలో నీరు నిలిచే చోటు చాలా తక్కువ. పైన పది, ఇరవై మీటర్ల మందాన శిథిలమైన మెత్తని పొర ఉంటుంది. పాత మోట బావులు ఆ పొరలోని నీటి మీదే నడిచాయి. దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడా పగుళ్లు. ఈనాటి బోర్లు ఆ పగుళ్ల కోసం వెతుకుతాయి. పగులులో ఏళ్ల తరబడి నిలిచిన నీరు గ్రానైటులోని బయొటైటు, ఫ్లోరైటు, అపటైటు ఖనిజాల నుంచి ఫ్లోరైడును కొంచెం కొంచెంగా లాగుతుంది. ఈ లాగుడుకు కళ్లెం వేసేది కాల్షియం. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి మళ్లీ ఘనరూపంలో అడుగున చేరుతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేటు పెరిగిన క్షార నీటిలో ఆ కళ్లెం తెగిపోతుంది. పప్పు తొందరగా ఉడికే, సబ్బు బాగా నురగ వచ్చే మెత్తని బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా బయటపడటానికి కారణం ఇదే. ఊళ్లో మంచి నీళ్లని పేరు పడ్డ బోరునే ముందుగా అనుమానించాల్సి వస్తుంది.

ఫ్లోరైడు పీడ తెలుగు నేలకు కొత్త కాదు. దేశంలోనే తొలిసారిగా 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో, ఎముకలు వంకర్లు పోయిన రోగులను పరిశీలించి, కారణం నీటిలోని ఫ్లోరైడే అని తేల్చారు. నల్గొండ పేరు తర్వాత ఈ జబ్బుకు మారుపేరైంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును పేరబెట్టి దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టింది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలోనే ఉండేది. పాలన గీతలు మారినా కింది రాయి ఒకటే, అందువల్ల జనగామ బోరు నీటిని పరీక్షించేటప్పుడు ఫ్లోరైడును వదిలేయడానికి వీల్లేదు.

ఇసుకరాతి వైపు కథ వేరు. గోండ్వానా ఇసుకరాళ్లలో, ముఖ్యంగా కామ్తీ పొరల్లో, రేణువుల మధ్య ఖాళీలు ఎక్కువ. నీరు దండిగా ఊరుతుంది, లవణాలు సాధారణంగా తక్కువగానే ఉంటాయి. ఇక్కడ ఎదురయ్యే చిక్కుల్లో ఇనుము ఒకటి. తోడినప్పుడు తేటగా ఉన్న నీరు బిందెలో కాసేపుంటే గాలి తగిలి ఎర్రబారి, అడుగున తుప్పులాంటి మడ్డి పేరుకుంటుంది. ఆరోగ్యానికి పెద్ద ముప్పు కాకపోయినా అలాంటి నీటిని జనం ఇష్టపడరు, బట్టలకు మరక పడుతుంది. భూపాలపల్లి చుట్టూ సింగరేణి భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు ఉన్నాయి. మల్హర్ మండలం తాడిచర్లలోనూ బొగ్గు తవ్వుతున్నారు. బొగ్గుతో పాటు ఉండే గంధక ఖనిజానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది. గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఈశాన్య రాష్ట్రాల గనుల్లో మాదిరి నీరు పుల్లబడదు. కానీ పుట్టిన కొద్దిపాటి ఆమ్లమూ దారిలోని కార్బొనేట్లను కరిగించి, సల్ఫేటును, కాఠిన్యాన్ని మిగిల్చి పోతుంది. గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటి చోట బూడిద చెరువు కింది వైపు బావుల్లో సల్ఫేటు, బోరాన్, భార లోహాలు కూడా చూడాలి. మామూలు పరీక్ష చీటీలో ఇవి ఉండవు, అడిగి చేయించాలి.

రాయితో సంబంధం లేకుండా మూడు జిల్లాల్లోనూ కనబడేది నైట్రేటు. దేశం మొత్తం మీద కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో ప్రతి అయిదు నమూనాల్లో దాదాపు ఒకటి నైట్రేటు హద్దు దాటింది. దీని మూలం ఎరువుల బస్తాలోనూ, పెంటకుప్పలోనూ, అడుగున గచ్చు లేని మరుగుదొడ్డి గుంతలోనూ ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోలు. అందులో పదో వంతు పైరుకు అందకుండా వేళ్లు దాటి కిందికి దిగి నైట్రేటుగా మారిందనుకుంటే, రెండు లక్షల లీటర్ల స్వచ్ఛమైన నీటిని హద్దు అంచుకు చేర్చడానికి అది సరిపోతుంది. పత్తికి, మిరపకు ఎకరానికి ఎన్ని బస్తాలు పడుతున్నాయో ఇక్కడి రైతులకు తెలుసు.

నాణ్యతను లెక్కగట్టే పని నమూనా తీయడంతో మొదలవుతుంది. చాలా పరీక్షలు ఇక్కడే చెడిపోతాయి. మోటారు వేసిన వెంటనే గొట్టంలో నిలిచి ఉన్న పాత నీరు వస్తుంది. అందుకే మోటారును కనీసం అయిదు పది నిమిషాలు నడిపి, ఆ తర్వాత వచ్చే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, గాలి బుడగ మిగలకుండా మూతి దాకా నింపాలి. ఉదజని సూచిక, విద్యుత్ వాహకత అక్కడికక్కడే చూడాలి, ఆలస్యమైతే మారతాయి. నైట్రేటు చూడాల్సిన సీసాను చల్లగా ఉంచి త్వరగా చేర్చాలి. సూక్ష్మజీవుల పరీక్షకు వేరే శుభ్రపరచిన సీసా కావాలి. బోరు లోతు, తేదీ, దగ్గర్లో ఉన్న కొట్టం, గుంత, పంట రాయని సీసాకు ప్రయోగశాలలో విలువ సగమే.

ప్రయోగశాలలో కాఠిన్యం చూసే తీరు కంటికింపుగా ఉంటుంది. 50 మిల్లీలీటర్ల నీటిలో కాస్త అమ్మోనియా ద్రావణం, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ పొడి వేస్తే నీరు ద్రాక్షరసం రంగుకు తిరుగుతుంది. పై గొట్టం నుంచి ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా పడుతుంటుంది. కాల్షియం, మెగ్నీషియం ఒక్కొక్కటే దానికి పట్టుబడుతూ పోయి, ఆఖరి చుక్క దగ్గర ఎరుపు ఒక్కసారిగా నీలమవుతుంది. వాడుకలో ఉండే 0.01 మోలార్ ద్రావణం 10 మిల్లీలీటర్లు ఖర్చయితే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. సోడియానికి జ్వాల, ఫ్లోరైడుకు ఎలక్ట్రోడు, క్లోరైడుకు వెండి నైట్రేటు. అన్నీ అయ్యాక ధన అయాన్ల మొత్తం, రుణ అయాన్ల మొత్తం సరిపోవాలి. తేడా 5 శాతం దాటితే ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం.

తాగునీటికి తూనికరాయి భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి ఐఎస్ 10500. ఇందులో చాలా అంశాలకు రెండు హద్దులున్నాయి. మొదటిది ఆమోదయోగ్యం, రెండోది వేరే నీరు దొరకనప్పుడు ఓర్చుకోదగినది. లీటరుకు మిల్లీగ్రాముల్లో, కరిగిన లవణాల మొత్తానికి 500, 2000. కాఠిన్యానికి 200, 600. క్లోరైడుకు 250, 1000. సల్ఫేటుకు 200, 400. ఫ్లోరైడుకు 1, 1.5 మిల్లీగ్రాములు. నైట్రేటుకు మాత్రం 45 మిల్లీగ్రాములు ఒక్కటే హద్దు, సడలింపు లేదు. నైట్రేటు ఎక్కువైన నీటితో పాలు కలిపి పట్టిన పసికందు రక్తం ప్రాణవాయువును మోయలేక, పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. నీళ్లు కాచితే నైట్రేటు పోదు, ఆవిరైన నీటి మేరకు ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ పొడి కూడా దాన్ని ఏమీ చేయలేదు. ఫ్లోరైడు దెబ్బ ముందు పిల్లల పళ్ల మీద మచ్చలుగా, ఏళ్లు గడిచాక ఎముకల్లో కనిపిస్తుంది.

ఎండలో పనిచేసే మనిషికి ఈ హద్దులు సరిపోతాయా అన్నది విడిగా ఆలోచించాలి. మే నెలలో మిరప కల్లంలో పనిచేసే మనిషి ఇంట్లో కూర్చున్న మనిషికి రెట్టింపు నీళ్లు తాగుతాడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల నీరే అయినా నాలుగు లీటర్లు తాగితే ఆరు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఒంట్లోకి పోతుంది, చాయ్ ద్వారా మరికొంత. 2016 ఆగస్టులో మొదలైన మిషన్ భగీరథ నది నీళ్లను ఇళ్లకు తెచ్చింది. కానీ బాయి కాడ పనివాళ్లు ఇప్పటికీ బోరు పైపు నుంచే తాగుతారు. ఇంటి నల్లా మారినంత మాత్రాన పొలం బోరు పరీక్ష అక్కరలేదనుకోవడం పెద్ద పొరపాటు.

పొలానికి అడిగే ప్రశ్నలు వేరు. మొక్కకు ఫ్లోరైడు పెద్ద అడ్డు కాదు, నైట్రేటు ఉంటే ఎరువు కొంత కలిసొచ్చినట్టే. చూడాల్సినవి మొత్తం ఉప్పు, అందులో సోడియం వాటా, బైకార్బొనేటు. అమెరికా లవణ ప్రయోగశాల 1954లో చేసిన విభజనను ఇప్పటికీ వాడుతున్నారు. వాహకత 250 మైక్రోసీమెన్స్ లోపు ఉత్తమం, 750 దాకా మధ్యమం, 2250 దాకా ఎక్కువ ఉప్పు, అది దాటితే చాలా ఎక్కువ. సోడియం శోషణ నిష్పత్తి 10 లోపుంటే మేలు, 26 దాటితే పనికిరాదు. నీటిలోని కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసేస్తే మిగిలేది మిగులు సోడియం కార్బొనేటు. అది లీటరుకు 1.25 మిల్లీ తుల్యభారాల లోపు ఉంటే సురక్షితం, 2.5 దాటితే సాగుకు తగదు.

ఒక బోరు నీటిని ఊహించుకుని ఈ కొలతలన్నీ పెట్టి చూడవచ్చు. అంకెలు లెక్క కోసం ఎంచుకున్నవే అయినా గ్రానైటు నేలలో ఇలాంటి నీరు అరుదేమీ కాదు. లీటరుకు సోడియం 184, కాల్షియం 40, మెగ్నీషియం 24, బైకార్బొనేటు 427, క్లోరైడు 106, సల్ఫేటు 48, నైట్రేటు 62, ఫ్లోరైడు 2.1 మిల్లీగ్రాములు. వీటిని మిల్లీ తుల్యభారాల్లోకి మారిస్తే సోడియం 8, కాల్షియం 2, మెగ్నీషియం 2. అవతలి వైపు బైకార్బొనేటు 7, క్లోరైడు 3, సల్ఫేటు 1, నైట్రేటు 1. ఇరువైపులా పన్నెండుకు పన్నెండు, లెక్క కుదిరింది. నాలుకకు ఇది మంచి నీరే. లవణాల మొత్తం సుమారు 676, కాఠిన్యం సరిగ్గా 200, క్లోరైడు సగం హద్దు కూడా కాదు. కానీ నైట్రేటు, ఫ్లోరైడు రెండూ హద్దు దాటాయి కాబట్టి తాగడానికి పనికిరాదు. పొలం సంగతికొస్తే వాహకత 1200 దరిదాపు, సోడియం శోషణ నిష్పత్తి 5.7. వాహకత ఎక్కువ ఉప్పు వరుసలో ఉన్నా, నిష్పత్తిని చూసి రైతు నిశ్చింతగా ఉండిపోవచ్చు. మిగులు సోడియం కార్బొనేటు మాత్రం 7 నుంచి 4 పోగా 3, అంటే తగదనే వరుసలో పడింది.

ఒకే బోరు నీటికి ఇన్ని తీర్పులు వస్తాయి. అన్నింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పే నీటి నాణ్యతా సూచీ 1965లో హోర్టన్ మొదలుపెట్టిన పద్ధతి. ఊళ్లను పోల్చడానికి, పటాలు గీయడానికి అది పనికొస్తుంది. ఒక కుటుంబం తాగాలా వద్దా అని తేల్చడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే పది మంచి అంకెలు కలిసి ఒక చెడ్డ ఫ్లోరైడును కప్పేయగలవు.

మిగులు కార్బొనేటు నేలను మెల్లగా చెరుస్తుంది. నీరు ఆరేకొద్దీ కాల్షియం కార్బొనేటుగా పేరుకుని పోతుంది, సోడియం మిగిలి బంకమట్టిని పట్టుకుంటుంది. మట్టి పెళ్ల తడిస్తే చిదికి జిగురవుతుంది, ఎండితే పెచ్చు కడుతుంది, నీరు ఇంకదు. తెల్లగా పూసే పాలచౌడు మంచి నీటితో కడిగితే తేరుకుంటుంది. నల్లబడి జిడ్డుగా మారే కారుచౌడు అలా తేరుకోదు, దానికి జిప్సం కావాలి. పై ఉదాహరణలోని నీటిని 1.25కి దించడానికి లీటరుకు 150 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం పడుతుంది. ఎకరానికి అయిదు సెంటీమీటర్ల తడి అంటే రెండు లక్షల లీటర్ల పైచిలుకు నీరు, అంటే తడికి సుమారు 30 కిలోల జిప్సం. అదే తడిలో ఎకరం నేలకు చేరే లవణాలు 137 కిలోల దాకా ఉంటాయి. వానాకాలంలో వాన వాటిని కడుగుతుంది. యాసంగిలో బోరు మీదే వరి పెడితే కడిగే నీరు ఉండదు.

పైరును బట్టి కూడా తీర్పు మారుతుంది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ పట్టిక ప్రకారం మిరప దిగుబడి నీటి వాహకత 1000 మైక్రోసీమెన్స్ దాటగానే తగ్గడం మొదలవుతుంది. మొక్కజొన్నకు ఆ గీత 1100, వరికి 2000, పత్తికి 5100. 1200 వాహకత నీరు పత్తికి నిక్షేపంగా పనికొస్తుంది, మిరపను కొంచెం కొరుకుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి రైతులు పత్తి నుంచి మిరపకు మారే ఏడాది బోరు నీటిని మళ్లీ చూపించుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఇక్కడి ఉప్పు రాతిదా, ఎరువుదా అన్నది రుణ అయాన్లే చెబుతాయి. తీరపు బావిలో క్లోరైడు ముందుంటుంది, మిగులు కార్బొనేటు సాధారణంగా సున్నా కంటే తక్కువ. రాతి నీటిలో బైకార్బొనేటు ముందుంటుంది. క్లోరైడు, నైట్రేటు జంటగా పెరిగితే ఊరి మురుగును అనుమానించాలి. 1944లో పైపర్ రూపొందించిన వజ్రాకారపు పటంలో ఈ నీళ్లు వేర్వేరు మూలలకు చేరతాయి. కృష్ణకు నీరిచ్చే మున్నేరు మహబూబాబాద్ లవణాలను, గోదావరి భూపాలపల్లి లవణాలను చివరికి బంగాళాఖాతానికే చేరుస్తాయి. ఉప్పు సముద్రం నుంచి ఇక్కడికి రాలేదు, ఇక్కడి నుంచే అటు పోతోంది.

ఒక్కసారి చేయించిన పరీక్ష ఏడాది పొడుగునా చెల్లదు. మేలో జలమట్టం అడుగంటినప్పుడు లవణాలు చిక్కబడతాయి. వానలు పడ్డాక లవణాలు పలచబడినా, చేలల్లో మిగిలిన నత్రజనిని వాన కిందికి కడిగినందువల్ల నైట్రేటు పెరగవచ్చు. దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో చెరువు నిండిన జనగామ ఊళ్లో బోరు నీటి గుణం చెరువు ఎండిన ఏడాదికి భిన్నంగా ఉంటుంది. ఒకే బోరు నుంచి మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి నమూనా తీస్తేనే ఆ నీటి నడక తెలుస్తుంది.

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. ఫ్లోరైడూ అంతే. ఇంట్లో పసిబిడ్డ ఉన్న వాళ్లు బోరు నీటిని పాలలో కలిపే ముందు, మరే పరీక్షా చేయించలేకపోయినా, ఈ రెండూ తప్పక చేయించాలి.